వారంటీకీ గ్యారంటీకీ ఉన్న చుట్టరికం చెప్పే తరగతులు

బెంగళూరు మారతహళ్లి దగ్గర తెలుగువారి కోసం ఆదివారం పొద్దున నడిచే పదచరిత్ర తరగతులకు నేను నాలుగు వారాలు వెళ్లాను. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో ఫ్రెంచి నుంచి వచ్చినవి ఏవో, ఎలా వచ్చాయో ఇక్కడ తెలుగులో విడమరచి చెబుతారు. ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకోవాలని చేరేవారికి మాత్రం ఇవి పనికిరావు.

1066లో ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును గెలుచుకున్నాక రాజసభలోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి పాతుకుపోయిందని, మన పల్లెల్లో సైతం నోట నానే కోర్టు, జడ్జి, ప్లీడరు, అప్పీలు అన్న మాటలన్నీ ఆ దారినే వచ్చాయని మాస్టారు మొదటి వారం వివరించారు. కోర్టుల్లో వాదన ఇంగ్లీషులోనే సాగాలని 1362లో చేసిన శాసనాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారని విన్నప్పుడు, ఆ భాష పట్టు ఎంత గట్టిదో నాకు తెలిసివచ్చింది.

అన్నిటికన్నా బాగున్నది రెండో వారం. ఆయన బోర్డు మీద హాస్టల్ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలోని ఎస్‌ను వేలితో తుడిచేసి, దాని ముందున్న ఓ నెత్తిన చిన్న టోపీ లాంటి గుర్తు పెట్టారు. అంతే, అది ఫ్రెంచివారి హోటల్ అయింది. పాత ఫ్రెంచి నుంచి హాస్టల్ ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ ఎస్ ఉండేది, ఫ్రెంచిలో అది క్రమంగా జారిపోయింది, అలా మారిన రూపాన్ని ఇంగ్లీషువారు మళ్లీ తెచ్చుకున్నారు. హాస్టల్లో ఉంటూ హోటల్లో తినే మన పిల్లలు ఒకే మాటను రెండు వయసుల్లో వాడుతున్నారన్నమాట. వారంటీ, గ్యారంటీ కూడా ఇలాగే ఒకే మూలం నుంచి వచ్చాయి: నార్మన్ల యాసలో వకారం నిలిచిన చోట పారిస్ వైపు గకారం పలికేది. ఇంటికి రాగానే మా మిక్సీ కార్డు తీసి మళ్లీ చదివాను.

మందలో ఉన్నప్పుడు షీప్ అనే సాక్సన్ (నార్మన్లు రాకముందు నుంచీ ఇంగ్లండులో ఉన్నవారి) పేరు, పళ్లెంలోకి వచ్చాక మటన్ అనే ఫ్రెంచి పేరు అన్న సంగతి చాలామందికి తెలిసిందే. దానికి మూడో వారంలో గంటసేపు కేటాయించడం ఎక్కువే. మెనూ, గ్యారేజీ, కెఫే వంటి దగ్గరి కాలపు మాటలను ఆఖరి అరగంటలో హడావిడిగా ముగించడం నాకు నిజంగా బాధ కలిగించింది.

1,200 రూపాయల ఫీజు న్యాయమైనదే, కానీ అచ్చు కాగితాలేవీ ఇవ్వరు. బోర్డు చూసి రాసుకునేలోపు సగం మాటలు చేజారిపోతాయి. తర్వాతి బ్యాచ్‌లోగా వాటిని అచ్చు వేయించి ఇస్తే, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిని తప్పకుండా చేరుస్తాను.