హాలు టికెట్టా, ఓటీటీ చందానా, కేబులా: ఏది మేలు?

శనివారం సాయంత్రమైతే మా ఇంట్లో పంచాయితీ మొదలు. కొత్త సినిమా విడుదలైందంటే మా అమ్మాయి హాలుకు వెళ్దామంటుంది. నాలుగు వారాలు ఓపిక పడితే ఓటీటీలో వస్తుంది కదా అని మా ఆవిడ వాదన. మా అమ్మకు ఈ రెండూ పట్టవు. పండగకు టీవీలో వేస్తే చూస్తుంది, అదీ సీరియల్ వేళకు అడ్డం రాకపోతే. ఒకే సినిమాకు మూడు దారులు, మూడు ధరలు. ఏది చవకో తేల్చుదామని ఒక రోజు కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. లెక్క పది నిమిషాల్లో తేలిపోయింది. తేలనిది ఇంకొకటి ఉంది: ఈ ధర పెట్టింది ఎవరు, రేపు పెంచితే ఎవరిని అడగాలి?

ముందు హాలు సంగతి. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన 120వ నంబరు జీవో ప్రకారం ఏసీ ఉన్న మామూలు హాళ్లలో టికెట్టు 50 నుంచి 150 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250, జీఎస్టీ అదనం. 250కి 18 శాతం కలిపితే 295. హైదరాబాద్ మల్టీప్లెక్సులకు అలవాటుపడినవాళ్లకు ఈ అంకె సొంత ఇంటి నంబరులా నోటికి వచ్చు. మా అబ్బాయితో కలిపి నలుగురం వెళ్తే 1,180. ఫోనులో కొంటే దాని మీద ‘సౌకర్య రుసుము’. సీటు వెతుక్కునేది నేను, డబ్బు కట్టేది నేను, టికెట్టు ఉండేది నా ఫోనులో, కౌంటరులో మనిషి అవసరమే లేదు. ఇందులో సౌకర్యం ఎవరికి కలిగిందో, రుసుము ఎవరు ఎవరికి ఇవ్వాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం దీన్ని వద్దని ఉత్తర్వులిస్తే, అవి చెల్లవని 2025 జులైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. కాబట్టి అది ఎక్కడికీ పోదు.

ఇంటర్వెల్ ఖర్చు వేరే పద్దు. బయటి తిండిని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది హాలు యజమాని ఇష్టమని, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. మొన్న ఒక మల్టీప్లెక్సులో ఆ తీర్పు ఎంత దూరం వచ్చిందో చూద్దామని కౌంటరులో అడిగాను. కుర్రవాడు నా వెనక ఎటో చెయ్యి చూపించాడు. పోస్టర్ స్టాండు పక్కన, మరుగుదొడ్ల దారిలో, గోడకు బిగించిన స్టీలు డబ్బా, దానికి ఒక కుళాయి. నీళ్లు వస్తున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. గ్లాసు లేదు. దోసిలి పట్టి తాగుతుంటే వెనక నిలబడ్డ పెద్దాయన, "గ్లాసు గురించి కోర్టు ఏమీ చెప్పలేదండి" అన్నాడు. నేను తిరిగి వెళ్లి 60 రూపాయల సీసా కొన్నాను. వాళ్ల వ్యాపారం అలా సాగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకా చిత్రంగా నడిచింది. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన 35వ నంబరు జీవో గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అడుగు తరగతి టికెట్టును 5 రూపాయలకు దించింది. అయిదు రూపాయలకు మా వీధి చివర టీ కూడా రాదు. ఆ డిసెంబరులో చాలా హాళ్లు తలుపులు మూసుకున్నాయి. 2022 మార్చిలో రేట్లు సవరించి కనిష్ఠం 20, గరిష్ఠం 250 చేశారు. ఆ తరువాత 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు అదే రాష్ట్రంలో 800 రూపాయలు, జీఎస్టీతో 944 వసూలు చేసుకోవడానికి అనుమతి వచ్చింది. మధ్యలో ప్రభుత్వం మారిందనుకోండి. అయినా నాలుగేళ్లు నిండకుండానే ఒకే రాష్ట్రం 5 రూపాయల టికెట్టునూ 944 రూపాయల టికెట్టునూ చూసింది. అదే ప్రీమియర్ రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఇక బెనిఫిట్ షోలు, టికెట్ల పెంపు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలోనే చెప్పారు. మూడు వారాలు తిరగకముందే సంక్రాంతి సినిమాకు పెంపు అనుమతి వచ్చింది. హైకోర్టు మందలించాక దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇదంతా చదివితే హాలును తిడుతున్నాననిపిస్తుంది. తిడుతున్నాను కూడా. కానీ గమనించండి, ఇక్కడ ప్రతి పెంపుకూ ఒక కాగితం ఉంది, దానికో నంబరు, తేదీ, కింద సంతకం ఉన్నాయి. ఎవరో ఒకరు ఆ కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కగలరు. జనవరిలో జరిగింది అదే.

ఓటీటీ దగ్గర అలాంటి కాగితమే లేదు. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశానికి వచ్చినప్పుడు నెలకు 500 నుంచి మొదలు. జనం పెద్దగా కదలకపోయేసరికి 2019లో ఫోనుకు మాత్రమే పనికొచ్చే 199 రూపాయల ప్లాను పెట్టింది, 2021 డిసెంబరులో దాన్ని 149కి, టీవీలో చూసే కనీస ప్లానును 199కి తగ్గించింది. పోటీ ఉంటే ధర తగ్గుతుందని పాఠాల్లో చదివినది నిజమే అనిపించింది. అదే నెలలో అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499కి ఎక్కింది. పాఠాల్లో ఈ రెండో వాక్యం లేదు.

ధర మారకుండానే పెరిగే పద్ధతి ఇంకొకటి ఉంది, నాకు అసలు అనుమానం దాని మీదే. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డు ఒక ఇంటికే పరిమితమంది. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఇచ్చినవాళ్లు ఇకమీదట రెండు చందాలు కట్టాలి. 2025 జూన్‌లో ప్రైమ్ వీడియోలో ప్రకటనలు దూరాయి; అవి వద్దంటే ఏడాదికి మరో 699. చందా అదే 1,499, కానీ నిన్నటిదాకా దొరికిన సరుకు ఇవాళ కావాలంటే 2,198. సరుకులు ఇంటికి తెచ్చివ్వడం కూడా అందులోనే కదా అంటారు. నిజమే, అందుకే ఆ 1,499లో సినిమా వాటా ఎంతో ఎవరికీ తెలియదు. కిరాణా కొట్టులో పప్పు, సబ్బు కలిపి కట్టిన పొట్లాం రేటు అడిగితే ఇలాగే ఉంటుంది.

క్రికెట్టులో ఇది ఇంకా బాహాటంగా జరిగింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్, 2023 ఐపీఎల్ జియోసినిమాలో ఉచితం. ఊరంతా ఫోనులో చూడడం మరిగాక రిలయన్స్, డిస్నీ సంస్థల వినోద వ్యాపారాలు కలిశాయి, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ పుట్టింది, ఆ ఏడాది ఐపీఎల్ పూర్తిగా చూడాలంటే చందా కట్టాల్సి వచ్చింది, లేదంటే చందా కలిసిన రీచార్జి చేయించుకోవాల్సి వచ్చింది. ఈ కలయికకు 2024 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ షరతులతో ఒప్పుకుంది. క్రికెట్ ప్రకటనల రేట్లు అడ్డగోలుగా పెంచబోమని కంపెనీలు మాట ఇచ్చాయి. ప్రకటన ఇచ్చేవాడికి దక్కిన ఆ భరోసా ఆట చూసేవాడికి దక్కలేదు.

మరి చట్టం లేదా అంటే, ఉంది. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి ఓటీటీ ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి, ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి, సినిమాకు 7, 13, 16 ఏళ్లు అంటూ వయసు గుర్తు వేయాలి. అన్నీ తెర మీద ఏముందన్న దాని గురించే. అసభ్యత పేరుతో కేంద్రం 2024 మార్చిలో 18 ఓటీటీలను, 2025 జులైలో మరో 25 యాప్‌లను, వెబ్‌సైట్లను మూయించింది. నటీమణి చీర కొంగు మీద ఉన్న ఈ శ్రద్ధలో పదో వంతు నా బిల్లు మీద ఉంటే బాగుండేది. 2023 నవంబరులో వచ్చిన ప్రసార సేవల బిల్లు ముసాయిదా ఓటీటీలను ఒక గొడుగు కిందకు తెస్తామంది. 2024లో మార్చిన ముసాయిదా మీద గొడవ రేగాక దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఓటీటీ ధరను కూడా సర్కారే పెట్టాలని నేను అనడం లేదు. 5 రూపాయల జీవోను చూశాక ఆ కోరిక చచ్చిపోయింది. నాకు కావలసింది చిన్నది: మార్చే ముందు చెప్పాలి, వద్దనుకుంటే వెళ్లనివ్వాలి. విచిత్రం ఏమిటంటే ఈ రెండింటిలో మొదటిది కొంతవరకు ఇచ్చింది ఇంటర్నెట్ చట్టం కాదు, రిజర్వు బ్యాంకు. 2021 అక్టోబరు 1 నుంచి ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. రెండోది ఇవ్వాల్సింది 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు. అవి 13 రకాల మాయ పద్ధతులను నిషేధించాయి, అందులో చందా ఉచ్చు ఒకటి.

ఆ ఉచ్చు ఎలా ఉంటుందో ఇటీవలే చూశాను. ఏడాది చందా రేపు కోసుకుంటామని రాత్రి పదకొండుకు సందేశం వచ్చింది. సరే, రద్దు చేద్దామని యాప్ తెరిచాను. రద్దు అన్న మాట యాప్‌లో లేదు, వెబ్‌సైటుకు వెళ్లమంది. అక్కడ ఖాతా, దాని కింద సభ్యత్వం, దాని కింద ‘నిర్వహించు’. తరువాత నేను సగం చూసి వదిలేసిన సిరీస్ హీరోయిన్ బొమ్మ, ‘వీటిని కోల్పోతారు’ అని కింద ఒక వరస. తరువాత నీలం రంగులో అరచేయంత బొత్తాం: మూడు నెలలు ఆపి ఉంచండి. దాని కింద బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకుంటే కనిపించేంత అక్షరాల్లో: రద్దు కొనసాగించు. అప్పుడు కారణం అడిగింది. ‘మీకెందుకు’ అన్న జవాబు జాబితాలో లేదు.

ఇది నా ఒక్కడి బాధ కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద వేసిన దావాలో, ప్రైమ్ రద్దు చేయడానికి నాలుగు పేజీలు, ఆరు నొక్కులు, పదిహేను ఎంపికలు దాటాలని లెక్క కట్టి మరీ చూపించింది. కంపెనీ లోపల ఆ దారికి పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’, అంటే ట్రాయ్ యుద్ధం మీద గ్రీకుల మహాకావ్యం. మనవాళ్లయితే పద్మవ్యూహం అని పెట్టేవారు. లోపలికి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

కేబుల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని మంచితనం. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి పే చానలుకూ ధర ప్రకటించాలని టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) నియమం, ప్యాకేజీలో కలిపే చానలు ధర 19 రూపాయలు దాటకూడదు. కనీస రుసుము మీద ఉన్న 130 రూపాయల పరిమితిని మాత్రం 2024లో ఎత్తేశారు. సినిమా ఎప్పుడో వస్తుంది, సగం ప్రకటనలే. మా అమ్మకు అది ఇబ్బంది కాదు. ఆ విరామంలో రసానికి పోపు పెట్టి వస్తుంది.

ఇక అన్నీ ఉచితంగా దొరికే దొంగ సైట్లు. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపిన వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు పట్టుకుంటే, సామాజిక మాధ్యమాల్లో చాలామంది అతణ్ణి మెచ్చుకున్నారు. 944 రూపాయల టికెట్టు అచ్చేసినవాళ్లు ఆ మెప్పులో తమ వంతు ఏమిటో ఆలోచించుకోవాలి. అయినా ఆ సైట్లు మనల్ని బెట్టింగ్ యాప్‌ల వైపు తోస్తాయని పోలీసులు చెప్పాక, పదిహేనేళ్ల కుర్రవాడున్న ఇంట్లో దాన్ని ఉచితం అనలేను.

మా లెక్క ఇలా తేలింది. హాలు సినిమాలు ఏడాదికి ఆరు, రెండో వారంలో, మామూలు హాల్లో. బాల్కనీ 150కి జీఎస్టీ కలిపి 177, నలుగురికి 708, ఆరు సార్లకు 4,248. నిజానికి 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్టుకు పన్ను 5 శాతమే, కాబట్టి కింది తరగతిలో వంద టికెట్టు 105కే వస్తుంది. మా అమ్మాయి మెడ నొప్పి అంటుంది. ఓటీటీ ఏడాది చందా ఇక వద్దు. నెల చందా, అదీ చూడాల్సినవి మూడు నాలుగు పోగయ్యాక, కట్టిన రోజే రద్దు. గడువు దాకా చూడనిస్తారు. 199 చొప్పున అయిదు నెలలకు వెయ్యి లోపే. ఒంటరిగా గదిలో ఉండే ఉద్యోగికైతే ఈ ఓటీటీ ఒక్కటే చాలు, 295 పెట్టి హాలుకు వెళ్లడం స్నేహితుల కోసమే. మొదటి రోజు ఈలల మధ్య చూడాలనుకునేవాళ్లకు నా లెక్క పనికిరాదు, వాళ్లు ఆ రోజు జీవో మాత్రం చూసుకుని వెళ్తే మంచిది.

కేబుల్ అమ్మ పేరున అలాగే ఉంది. దాని ధర ఎంత పెరిగినా ఆపరేటర్ కుర్రవాడు నెలకోసారి గుమ్మంలోకి వస్తాడు, అమ్మ అతణ్ణి నిలబెట్టి అడుగుతుంది.