ఫ్లోటింగ్ బ్రేక్ డిస్క్ అని అంటగట్టారు, బటన్లు ఉత్త డెకరేషన్. జాగ్రత్త!

ఏ షాపో చెప్పక్కర్లేదు, రోజూ రీల్స్ వదిలే ఆ షాపే. 200 సీసీ బండి ముందు చక్రానికి ఫ్లోటింగ్ డిస్క్ అని 3,800 గుంజారు. డిస్క్ మధ్య భాగాన్నీ బయటి రింగునీ కలిపే గుండ్రటి బటన్లు పట్టి చూస్తే ఒక్కటీ కదలదు, ప్లయర్‌తో తిప్పినా సరే. ఫ్లోటింగ్ అంటే మధ్యలో అల్యూమినియం క్యారియర్ వేరు, ప్యాడ్లు పట్టే స్టీలు రింగు వేరు. వేడికి రింగు సాగినా వంకరపోకుండా బటన్ల దగ్గర కాస్త జరగాలి. సెమీ ఫ్లోటింగ్‌లో స్ప్రింగ్ వాషర్ ఉంటుంది కాబట్టి కొంచెం బిగువే, అయినా చేత్తో నొక్కితే ఆడుతుంది. ఇది రెండూ కాదు. మొత్తం ఒకే ప్లేటు, మధ్యలో ఎర్ర రంగు కొట్టి రివిట్లు దిగ్గొట్టారంతే.

వెనక్కి తీసుకెళ్తే కౌంటర్లో కుర్రాడు, "ఫ్లోటింగ్ అంటే నీళ్లల్ల తేలుతది అనుకున్నవా అన్నా?" అన్నాడు. పక్కన నిలబడ్డ నలుగురూ పళ్లికిలించారు. బిల్లు తీసి చూపిద్దామంటే అందులో "డిస్క్ ప్లేట్ 1" అని ఉంది. ఫ్లోటింగ్ అన్న మాటే లేదు! బోల్టు గుర్తులు పడ్డాయట, రిటర్న్ లేదట.

ఆ గుర్తులు ఎందుకు పడ్డాయంటే, హబ్ (చక్రం మధ్య డిస్క్ కూర్చునే చోటు) తుప్పు గీకి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, తిరిగేటప్పుడు డిస్క్ ఎంత ఊగుతుందో కొలిచే డయల్ గేజ్ పెట్టాను మరి. 0.45 మి.మీ. ఊగుతోంది. అదే హబ్ మీద పాత డిస్క్ 0.08. సర్వీస్ మాన్యువళ్లు చాలావరకు 0.3 దాటనివ్వవు. బ్రేక్ పట్టిన ప్రతిసారీ లివర్ వేళ్లని తంతోంది.

అసలు నా బండికి ఫ్లోటింగే దండగ. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ దీనికి స్లైడింగ్ పిన్లది, డిస్క్ అటూ ఇటూ అయినా తనే జరిగి సర్దుకుంటుంది. రెండువైపులా పిస్టన్లున్న క్యాలిపర్‌కైతే ఫ్లోటింగ్‌తో తేడా తెలుస్తుంది. ఇదంతా తెలిసీ ఎర్ర రంగు చూసి కొన్నందుకు నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. కంపెనీ ఫిక్స్‌డ్ డిస్క్ సుబ్బరంగా సరిపోయేది.

కొనేవాళ్లు బటన్లు అక్కడే కదిపి చూడండి. మినిమం మందం ఎంతో డిస్క్ మీద కొట్టి ఉండాలి. రంధ్రాల అంచు మీద గోరు నడపండి, గీరుకుంటే వదిలేయండి, ప్యాడ్లని తురిమేస్తుంది. బిల్లులో రకం రాయించుకోండి.

కొత్త ప్యాడ్ల జత కూడా పోయింది, ఆ లెక్క వేరే.