వైర్‌గార్డ్ విండోస్ యాప్ చాలాకాలం వాడాక: గ్రీన్ టిక్ చూసి మురిసిపోకండి

మా టీమ్ సర్వర్లన్నీ ప్రైవేట్ క్లౌడ్‌లోనే ఉంటాయి, ఫైల్స్‌కి నెక్స్ట్‌క్లౌడ్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, ఇంకా ఏవేవో వర్చువల్ మెషీన్లు. ఏదీ బయట ఇంటర్నెట్‌కి కనపడదు, లోపలికి పోవాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేసే టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ అయిన ప్రైవేట్ కనెక్షన్) ఒక్కటే దారి. విండోస్‌లో దాని అఫీషియల్ యాప్‌నే కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నా. స్పీడ్ టెస్టులు పెట్టినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ సోది వదిలేస్తా, ఫాస్ట్‌గానే ఉంటుంది.

యాప్ ఓపెన్ చేస్తే ఎడమపక్క టన్నెల్స్ లిస్టు, కుడిపక్క వివరాలు, ఒక యాక్టివేట్ బటన్, పైన లాగ్ ట్యాబ్, అంతే. బటన్ నొక్కగానే క్షణంలో యాక్టివ్ అని గ్రీన్ టిక్ వచ్చేస్తుంది, కొత్తవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. యాక్టివ్ అంటే మన మెషీన్‌లో టన్నెల్ లేచిందని మాత్రమే, అవతల సర్వర్ ఉందో పోయిందో దానికి పట్టదు. దాని డిజైనే అంత, పంపాల్సిన ప్యాకెట్ (డేటా ముక్క) ఉంటే హ్యాండ్‌షేక్ చేస్తుంది, అంటే సర్వర్‌తో కీలు సరిచూసుకుని కలుస్తుంది, లేకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది. కీ తప్పయినా, సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, మధ్యలో ఏ ఫైర్‌వాలో యూడీపీని (వైర్‌గార్డ్ ప్యాకెట్లు ప్రయాణించే పద్ధతి) ఆపేసినా కనపడేది అదే గ్రీన్ టిక్. తెలియని కీతో వచ్చిన ప్యాకెట్‌కి సర్వర్ అసలు జవాబే ఇవ్వదు మరి, ఎర్రర్ ఎక్కణ్నుంచి వస్తుంది (సెక్యూరిటీ పరంగా మంచిదే లెండి, పోర్ట్ స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలీదు).

అందుకే చూడాల్సింది కింద పీర్ (అవతలి మెషీన్) దగ్గర ఉండే లేటెస్ట్ హ్యాండ్‌షేక్ లైను. డేటా వస్తూ పోతూ ఉంటే దాదాపు 2 నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ జరుగుతుంది, 3 నిమిషాలు దాటిన సెషన్ కీ (హ్యాండ్‌షేక్‌లో పుట్టే తాత్కాలిక కీ) చెల్లదు. పని చేస్తుండగానే అక్కడ 5 నిమిషాల క్రితం అని కనపడితే కనెక్షన్ పోయినట్టే, అసలు ఆ లైనే లేకపోతే ఒక్కసారి కూడా కలవలేదన్నమాట. పక్కనే ట్రాన్స్‌ఫర్ అంకెలు ఉంటాయి, పంపింది పెరుగుతూ వచ్చింది సున్నా దగ్గరే ఆగిపోతే కీలు, ఎండ్‌పాయింట్ అడ్రస్ (సర్వర్ బయటి అడ్రస్), సర్వర్ యూడీపీ పోర్ట్ (చాలామంది 51820 పెడతారు) ఈ మూడే ముందు చూడండి. లాగ్‌లో కూడా హ్యాండ్‌షేక్ 5 సెకన్లలో పూర్తవలేదు, మళ్లీ ట్రై చేస్తున్నా అని వరసగా పడుతూ ఉంటుంది, కానీ ఎందుకు పూర్తవలేదో అది కూడా చెప్పదు.

రెండో తలనొప్పి అలౌడ్ ఐపీస్, అంటే ఏ అడ్రస్‌లకి పోయే ట్రాఫిక్ టన్నెల్‌లోకి వెళ్లాలో రాసే చోటు. అక్కడ 0.0.0.0/0 పెడితే మీ ట్రాఫిక్ మొత్తం టన్నెల్‌లోకి పోతుంది, ఎడిట్ చేసేటప్పుడు కిల్ స్విచ్ (టన్నెల్ బయటి ట్రాఫిక్‌ని ఆపేసేది) టిక్ కూడా కనిపిస్తుంది, అది ఆన్‌లో ఉంటే మీ లోకల్ ప్రింటర్ కూడా దొరకదు, ఇదేంటి ప్రింటర్ పోయిందని అడిగేవాళ్లు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. క్లౌడ్ సర్వీసుల కోసమే అయితే ఆ నెట్‌వర్క్ రేంజ్ ఒక్కటే రాయండి, సరిపోతుంది. ఆ రేంజ్ 192.168.1.0/24 లాంటిది మాత్రం పెట్టుకోవద్దు, చాలా వైఫై రౌటర్లు వాడేది అదే, రెండూ గుద్దుకుంటే ఏ అడ్రస్ ఎటు పోతుందో కనిపెట్టడానికే సగం రోజు పోతుంది.

లాగిన్ పేజీ వస్తుంది, పింగ్ పోతుంది, కానీ పెద్ద ఫైల్ ఎక్కించబోతే బిగుసుకుపోతుంది, ఇలా ఉంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) సమస్య అనుకోండి. మామూలుగా 1420 ఉంటుంది, కొన్ని మొబైల్ హాట్‌స్పాట్‌ల మీద అది ఎక్కువైపోతుంది, కాన్ఫిగ్‌లో 1280 పెట్టాక నాకైతే మళ్లీ ఆ బాధ లేదు.

నాకు బాగా నచ్చింది రోమింగ్. ల్యాప్‌టాప్ మూసి ఇంకో చోట ఇంకో వైఫైలో తెరిస్తే టన్నెల్ లోపలి ఐపీ మారదు కాబట్టి ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి రిమోట్‌గా లాగిన్ అయ్యే) విండో చాలాసార్లు అలాగే బతికుంటుంది, మళ్లీ లాగిన్ గోల లేదు. పాత వీపీఎన్‌తో పడ్డ తిప్పలు తలుచుకుంటే దీనికి దండం పెట్టాలనిపిస్తుంది. సర్వర్ వైపు ఐపీ మారితే మాత్రం డొమైన్ పేరు పెట్టినా కొత్త అడ్రస్ దానంతటది వెతుక్కోదు, డీయాక్టివేట్ చేసి మళ్లీ ఆన్ చేయాలి.

ఇక మేనేజ్ చేయడం అనే మాటకొస్తే, ఇది కనెక్షన్ నడిపే యాప్ మాత్రమే, మనుషుల్ని మేనేజ్ చేసేది కాదు. యూజర్‌నేమ్ లేదు, ఓటీపీ లేదు, కీకి గడువు లేదు, ఎవరైనా మానేస్తే సర్వర్‌లో వాళ్ల పీర్‌ని మీరే గుర్తుపెట్టుకుని తీసేయాలి. నలుగురైదుగురికి ఓకే, పాతికమంది దాటితే టెయిల్‌స్కేల్, నెట్‌బర్డ్ లాంటివి చూసుకోండి, అవి కూడా లోపల వైర్‌గార్డ్‌నే వాడతాయి. ఇంకోటి, యాప్ దాచుకునే కాన్ఫిగ్ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కానీ టన్నెల్స్ అన్నీ జిప్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే అందులో ప్రైవేట్ కీలు మామూలు టెక్స్ట్‌లోనే ఉంటాయి, ఆ జిప్‌ని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడేసి మర్చిపోతే ఇంటి తాళాలు గుమ్మంలో వదిలినట్టే.

అడ్మిన్ కానివాళ్లకి యాప్ విండో అసలు తెరుచుకోదు, విండోస్ రిజిస్ట్రీలో (సిస్టమ్ సెట్టింగ్స్ దాచే చోటు) లిమిటెడ్ ఆపరేటర్ యూఐ అనే సెట్టింగ్ ఆన్ చేసి వాళ్లని నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ గ్రూపులో పెడితే ఆన్ ఆఫ్ వరకు చేసుకోగలరు, కీలు కనపడవు. ఒకేసారి రెండు టన్నెల్స్ కావాలన్నా రిజిస్ట్రీయే గతి. టన్నెల్స్‌కి ఫోల్డర్లు లేవు, సెర్చ్ లేదు, పేరులో స్పేస్ కూడా పట్టదు, 32 అక్షరాల లోపు ఇంగ్లీషులో ఏదో ఒకటి ఇరికించాలి, అందుకే నేను ప్రొడక్షన్ వాటన్నిటికీ పేరు ముందు జెడ్ తగిలించా, లిస్టులో అడుగున పడి ఉంటాయి, చెయ్యి జారి నొక్కే పని ఉండదు.