జిమ్నీకి 40 మిల్లీమీటర్ల లిఫ్ట్: రెండేళ్లు వాడాక

లిఫ్ట్ (పొడవైన స్ప్రింగులతో బండిని ఎత్తు చేయడం) వేయించుకోవాలనుకునే వాళ్లందరూ మొదట అడిగేది "ఎన్ని అంగుళాలు?" అని. రెండేళ్లకు పైగా వాడినవాడిగా నేను తిరిగి అడిగేది వేరు. మీ బండిలో ఎప్పుడూ ఉండే బరువెంత? స్ప్రింగు కొనాల్సింది దాన్ని బట్టే.

నాది మారుతి ఐదు డోర్ల జిమ్నీ, మాన్యువల్. ఉండేది బెంగళూరు కుందలహళ్లిలో. వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు, సెలవు దొరికితే ఎన్‌హెచ్ 44 ఎక్కి పెనుకొండ దగ్గరి మా ఊరు, అప్పుడప్పుడూ సకలేశపుర వైపు కాఫీ తోటల దారులు. కంపెనీ లెక్కలో ఈ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, అప్రోచ్ కోణం (ముందు బంపరు తగలకుండా ఎక్కగలిగే ఏటవాలు) 36 డిగ్రీలు, డిపార్చర్ (వెనక బంపరుకి అదే లెక్క) 50. వీటితో నాకు పేచీ లేదు. ఇబ్బందంతా నడిమి భాగంతోనే. మూడు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2250 మిల్లీమీటర్లయితే దీనిది 2590. దాంతో బ్రేకోవర్ కోణం (కడుపు తగలకుండా దాటగలిగే మిట్ట వాలు) 28 నుంచి 24కి పడిపోయింది. మా చేని గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు అవతల దిగుతాయి, వెనకవి ఇంకా ఇవతలే ఉంటాయి, బండి కడుపు గట్టు మీద కూర్చుంటుంది. నేను లిఫ్ట్ వేయించింది దానికోసమే. ఛాసీ (బండి అడుగు చట్రం) 40 మిల్లీమీటర్లు లేస్తే ఆ కోణం మూడు డిగ్రీల పైచిలుకు పెరుగుతుంది. ఇప్పుడు అదే గట్టు చప్పుడు లేకుండా దాటుతోంది.

అయితే గ్రౌండ్ క్లియరెన్స్ పెరిగిందా అంటే, లేదు. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగు పొడవు పెంచితే ఛాసీ, బాడీ పైకి లేస్తాయి గానీ యాక్సిల్ హౌసింగ్ (ఇరుసు తొడుగు) చక్రాల మధ్య ఉన్నచోటే ఉంటుంది. అన్నిటికంటే కిందుండేది ఆ హౌసింగే. అది లేవాలంటే టైరు పెద్దదవ్వాలి, పెరిగిన వ్యాసంలో మనకు దక్కేది సగమే. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, నేను వేసిన 215/75 ఆర్15ది సుమారు 703. తేడా పది, హౌసింగ్ కింద ఐదు! 235/75 వేస్తే ఇరవై వచ్చేది నిజమే. కానీ అప్పుడు స్పీడోమీటర్ ముందుకంటే ఆరు శాతం దాకా తగ్గించి చూపిస్తుంది, 105 పీఎస్ ఇంజను ప్రతి ఎత్తులోనూ గేరు దించమంటుంది. ట్రాక్టర్లు తిరిగి గాడులు పడ్డ బాటలో నడిమి మిట్ట హౌసింగ్‌ని ఇప్పటికీ గీకుతుంది. ఒక వైపు చక్రాన్ని మిట్ట మీదికెక్కించి పోవడమే అక్కడ దారి.

ఇక స్ప్రింగుల సంగతి. బ్రాండు పేరు కావాలనే రాయట్లేదు. ఒకే బ్రాండులో ఒకే ఎత్తుకి, మోసే బరువుని బట్టి రెండు మూడు రకాలుంటాయి, అసలు తేడా అక్కడే. జేసీ రోడ్డు షాపులో "హెవీవి వేస్కోండన్నా, రేపు విన్చి పెట్టుకుంటారు గదా" అని ఒకటే పోరు. ఎప్పుడో పెట్టబోయే విన్చి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కోసం ఇప్పటినుంచి నడుం విరగ్గొట్టుకోవడం దేనికి? నా బండిలో స్టీలు బంపరు లేదు, విన్చి లేదు. ఉన్నదల్లా టైర్లకు గాలి కొట్టే ఒక కంప్రెసరు, తాళ్లు, సామాను. 1,200 కిలోల బండికి హెవీ స్ప్రింగులేస్తే బరువు చాలక అవి నొక్కుకోవు. చెప్పిన ఎత్తుకంటే పైనే నిలబడి, చక్రం గుంతలోకి దిగడానికి చోటివ్వవు. అంటే లిఫ్ట్ వేయించి మరీ చక్రాన్ని గాల్లో తిప్పుకున్నట్టు. నేను లైట్ లోడ్ రకం తీసుకున్నాను. స్పీడ్ బ్రేకర్ల మీద కంపెనీ స్ప్రింగుల కంటే కుదుపు తక్కువ. దానికి సగం కారణం పొడవైన షాకబ్జర్లు. చవగ్గా వస్తాయి కదా అని స్పేసర్లు (పాత స్ప్రింగుకే ఆనించి ఎత్తు పెంచే దిమ్మలు) పెట్టించుకుంటే పాత షాకబ్జరే మిగులుతుంది, చక్రం కిందికి దిగేటప్పుడు అది చివరంటా సాగి టక్కుమని కొడుతుంది.

ఎక్కువ చిరాకు పెట్టింది స్టీరింగ్. కిట్ బిగించి ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కాను. 80 దాటగానే బండి తేలిపోతున్నట్టు, గాలి ఎటు తోస్తే అటు. ముందు యాక్సిల్‌ని పట్టుకునే రేడియస్ ఆర్ములు ఛాసీతో పాటు లేచి యాక్సిల్‌ని కాస్త తిప్పేస్తాయి, కాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వెనక్కి వాలు) తగ్గుతుంది. అలైన్‌మెంట్ సెంటర్లో సరిచేయగలిగేది టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాస్టర్ కరెక్షన్ బుష్షులు (ఆ వాలుని సరిచేసేలా ఆర్ముల్లో వేసే తొడుగులు) వేయించాకే వంపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రావడం మళ్లీ మొదలైంది. కిట్టులో ఇవి ఉన్నాయో లేవో కొనే ముందే అడగండి. యాక్సిల్‌ని పక్కలకు కదలకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డు పొడవు మారదు కాబట్టి యాక్సిల్ కొంచెం పక్కకి జరుగుతుంది. అడ్జస్టబుల్ రాడ్డు వేయించాను. 40కి అది తప్పనిసరేం కాదు, నాకు చాదస్తం.

లిఫ్ట్ తర్వాత స్టీరింగ్ చక్రం వంకరగా నిలబడుతుంది. కొందరు దాన్ని ఊడదీసి తిన్నగా బిగించేస్తారు. అప్పుడు స్టీరింగ్ సెన్సరుకి తిన్నగా పోతున్న బండి వంపు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలుగుతుంది. సరిచేయాల్సింది కింద డ్రాగ్ లింకు (స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే కడ్డీ) దగ్గర. ఇంకోటి, ఆర్ముల బోల్టులు బండి జాకీల మీదుండగా పూర్తిగా బిగించకూడదు. నా మెకానిక్ నాలుగు చక్రాలూ నేలకానించి, బండిని రెండుసార్లు ఊపి, అప్పుడు కిందికి దూరి బిగించాడు. "గాల్లో బిగిస్తే బుష్షు మెలితిరిగి ఉంటాదన్నా, ఆర్నెల్లకి చిరిగిపోతాది" అన్నాడు. నావి ఇప్పటికీ చిరగలేదు. వెనక ఒక షాకబ్జరు కింది బుష్షు మాత్రం ఈ మధ్య లొడలొడమంటే మార్చాను.

మా అమ్మ తీర్పు ఒక్క ముక్కలో తేలిపోయింది: "ఏంరా, ముందే ఎత్తు, ఇంకా ఎత్తు చేసినావు. నేనెట్ల ఎక్కేది?" చిన్న ప్లాస్టిక్ స్టూలొకటి డిక్కీలో పర్మనెంటుగా ఉంది.

చట్టం మాటా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయండి, వారంటీలో ఉన్న బండైతే సస్పెన్షన్ భాగాల సంగతి ముందే అడిగి తెలుసుకోండి. పాత స్ప్రింగులూ షాకబ్జర్లూ పాతసామాను వాడికి వేయొద్దు. నావి ఊళ్లో అటక మీదున్నాయి, బండి అమ్మే రోజున మళ్లీ అవే ఎక్కాలి.