ఐదేళ్లు క్లౌడ్‌ఫార్మేషన్‌తో కాపురం చేశాక నా రివ్యూ

క్లౌడ్‌ఫార్మేషన్ అంటే అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఏ సర్వర్లు, డేటాబేస్‌లు కావాలో ఒక ఫైల్‌లో (టెంప్లేట్) రాసిస్తే తనే లేపిపెట్టే సర్వీసు, అలా ఒక టెంప్లేట్ నుంచి లేచిన గుంపే స్టాక్. బెంగళూరు మారతహళ్లి పీజీలో కూర్చుని మొదటి స్టాక్ ఎక్కించి ఐదేళ్లు దాటింది. అంతకు ముందు ఏడబ్ల్యూఎస్ వెబ్ కన్సోల్‌లో క్లిక్కులు కొట్టుకుంటూ సర్వర్లు లేపేవాణ్ణి, ఏ పోర్ట్ ఎందుకు తెరిచానో నెల తిరిగేసరికి నాకే గుర్తుండేది కాదు. ఇప్పుడు అంతా యామల్ (సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్‌లో ఉంది, ఫైల్ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంది, టెర్మినల్‌లో డిప్లాయ్ అని కొట్టి టీకి పోవడమే. ముంబైలో ఉన్న సెటప్‌నే హైదరాబాద్ రీజియన్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం) లేపమంటే రెండు రోజుల్లో లేపా. ఏఎంఐ (సర్వర్ లేపడానికి వాడే మూస) ఐడీలు రీజియన్‌కొకటి కాబట్టి అవి మార్చుకోవాలి, పైగా ఆ రీజియన్‌ని అకౌంట్‌లో ముందు ఎనేబుల్ చేసుకోవాలి, అది మర్చిపోయి ఒక పూటంతా పర్మిషన్లు వెతుక్కుంటూ కూర్చున్నా.

ఇక అసలు సంగతి. టెస్ట్ డేటాబేస్ పేరు బాలేదని టెంప్లేట్‌లో ఐడెంటిఫైయర్ మార్చి డిప్లాయ్ కొట్టేశా, ఏముందిలే డిలీషన్ పాలసీ రిటైన్ (స్టాక్ నుంచి తీసేసినా దీన్ని ఉంచెయ్ అనే సెట్టింగ్) పెట్టాంగా అని ధీమా. కానీ ఆ పేరు మారిస్తే ఆర్‌డీఎస్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీసు) పాత ఇన్‌స్టాన్స్ మారదు, కొత్తది పుడుతుంది, ఖాళీగా, తర్వాత పాతది పోతుంది. డిలీషన్ పాలసీ ఇక్కడ కాపాడదు, దీనికి అప్‌డేట్ రీప్లేస్ పాలసీ అని వేరే లైన్ రాయాలి. డాక్యుమెంట్‌లో క్లియర్‌గానే ఉంది, చదవనిది నేను. పక్క సీటు అనంతపురం తమ్ముడు తాపీగా వచ్చి "చేంజ్ సెట్ చూడకుండానే కొట్టినావా అన్నా?" అన్నాడు. చేంజ్ సెట్ అంటే ఏమేం మారబోతున్నాయో ముందే చూపే జాబితా, చూసుంటే రీప్లేస్‌మెంట్ కాలమ్‌లో ట్రూ అని కళ్లముందే ఉండేది. అప్పట్నించి డిప్లాయ్‌కి నో ఎగ్జిక్యూట్ చేంజ్‌సెట్ ఫ్లాగ్ (జాబితా చూపించు, అమలు చెయ్యకు అని) తగిలించి, ఆ కాలమ్ ఒక్కటీ చూసుకుని, అప్పుడే ముందుకి.

ఇదే పనికి వేరే కంపెనీ టూల్ టెర్రాఫామ్ కూడా వాడా. అక్కడ స్టేట్ ఫైల్ (ఏమేం లేపామో రాసుకునే లెక్క) ఎక్కడ దాచాలి, ఎవడు లాక్ చేశాడు అనే గోల మనదే, ఇక్కడ ఆ లెక్కంతా ఏడబ్ల్యూఎస్సే చూసుకుంటుంది. ఏడబ్ల్యూఎస్ రిసోర్సులకి (సర్వర్, డేటాబేస్ లాంటివి) దీనికంటూ విడిగా బిల్లు కూడా లేదు.

చిరాకులు మాత్రం బోలెడు. కొత్త స్టాక్ మొదటిసారే ఫెయిలై రోల్‌బ్యాక్ అయితే (లేపినవన్నీ వెనక్కి తీసేస్తే) దాన్ని సరిదిద్దలేం, డిలీట్ చేసి మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాల్సిందే, అందుకే ప్రయోగాలప్పుడు డిసేబుల్ రోల్‌బ్యాక్ పెట్టుకుంటా. సున్నాతో మొదలయ్యే అకౌంట్ నంబర్‌కి కోట్స్ మర్చిపోతే యామల్ దాన్ని అంకె అనుకుంటుంది, ఇక చూస్కోండి. ఫైల్ 51,200 బైట్లు దాటితే నేరుగా పంపలేం, ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజీ) పెట్టి అక్కణ్ణించి ఎక్కించాలి, స్టాక్‌కి 500 రిసోర్సులే. అన్నిటికంటే నాకు మంట ఎక్స్‌పోర్ట్‌లతో. ఒక స్టాక్ ఎక్స్‌పోర్ట్ చేసిన విలువని ఇంకో స్టాక్ వాడుతున్నంతకాలం దాన్ని మార్చనివ్వదు, తీయనివ్వదు. కొత్తవాటికి అది మానేసి పారామీటర్ స్టోర్‌లో (విలువలు విడిగా దాచే ఏడబ్ల్యూఎస్ చోటు) పెడుతున్నా. పాత మూడు స్టాకులు మాత్రం ఒకదానికొకటి ముడేసుకుని అట్లాగే ఉన్నాయి, విప్పే ఓపిక నాకింకా రాలేదు.