ఇంటి స్టూడియోకు పాత ఆఫీసు కంప్యూటర్: థింక్‌సెంటర్ ఎం720క్యూపై సమీక్ష

మొత్తం యాభై వేల రూపాయల్లోపే ఇంట్లో పాటల రికార్డింగుకు కావలసినవన్నీ అమర్చుకోవాలనుకునేవారికి కంప్యూటర్ ఎంపిక దగ్గరే సగం లెక్క తేలిపోతుంది. మైక్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు, స్టాండు, కేబుళ్లు అన్నీ కంప్యూటర్ కొనగా మిగిలిన సొమ్ములోంచే రావాలి. వినేవారి చెవికి తెలిసే తేడా వాటివల్ల వచ్చినంతగా ప్రాసెసర్ వల్ల రాదు. ఈ దృష్టితో నేను ఎంచుకుని వాడుతున్నది లెనోవో కంపెనీ 2018లో తెచ్చిన థింక్‌సెంటర్ ఎం720క్యూ అనే చిన్న డెస్క్‌టాప్, అదీ రీఫర్బిష్డ్ సరుకు, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేది. గొంతు, వీణ, వయొలిన్, మృదంగం, గిటారు వంటివాటిని మైక్ పెట్టి రికార్డు చేసేవారికి ఇది నిక్షేపంగా సరిపోతుందనీ, మ్యూజిక్ కీబోర్డు మీదే మొత్తం ఆర్కెస్ట్రాను కూర్చాలనుకునేవారు దీని జోలికి పోకపోవడమే మంచిదనీ నా అభిప్రాయం.

ఇది సుమారు 18 సెంటీమీటర్ల చదరం, మూడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న పెట్టె. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ కూడా ఇదే తరహావి. ఆ కాలపు ప్రాసెసర్ ఉన్నవాటికి ఇక్కడ చెప్పబోయే మాటలు చాలావరకు వర్తిస్తాయి. కార్పొరేట్ కార్యాలయాలు వీటిని వందల సంఖ్యలో తీసుకుని, కొన్నేళ్లు వాడి ఒక్కసారిగా వదిలించుకుంటాయి కనుక, సికిందరాబాదు పార్క్ లేన్‌లోని సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు వంటి చోట్ల ఇవి సులభంగానే దొరుకుతాయి. నేను చూసినప్పుడు ధర పదిహేను నుంచి ఇరవై వేల మధ్య ఉంది. ఆ ధరలో మానిటర్ ఉండదన్నది మరువకూడదు, కాని హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కాబట్టి ఇంట్లోని టీవీతోనే కొన్నాళ్లు గడుపుకోవచ్చు.

కొనేటప్పుడు పట్టుబట్టవలసిన మొదటి విషయం ప్రాసెసర్ తరం. ఇంటెల్ డెస్క్‌టాప్ ఐ5 ప్రాసెసర్లు నాలుగు కోర్ల (లెక్కలు చేసే భాగాల) నుంచి ఆరు కోర్లకు మారినది ఎనిమిదో తరంలోనే. విండోస్ 11 అధికారికంగా నడవడానికి కావలసిన కనీస తరం కూడా దాదాపుగా అదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఏడో తరం యంత్రాలు ఇప్పుడు బజారులో మరీ చవకగా కనిపిస్తున్నాయి. పైనుంచి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అందువల్ల దుకాణంలోనే యంత్రాన్ని ఆన్ చేయించి, సిస్టమ్ వివరాల్లో ప్రాసెసర్ నంబరు ఎనిమిదితో మొదలవుతోందో లేదో స్వయంగా చూసుకోవాలి. నా దగ్గర ఉన్నది ఐ5-8400టీ. చివరనున్న టీ అక్షరానికి అర్థం అది 35 వాట్ల పరిమితిలో పనిచేసే రకమని. వేగం కొంత తగ్గినా వేడి కూడా తగ్గుతుంది. రికార్డింగు గదిలో అది లాభమే.

ఇక అసలు పని. రికార్డింగు అనగానే కంప్యూటర్ మీద మోయలేని భారం పడుతుందనుకుంటారు గానీ, లెక్క వేసి చూస్తే అది నిజం కాదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతతో ఒక మోనో ట్రాక్ (ఒక మైక్ నుంచి వచ్చే ధ్వని) నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్ల చోటు తీసుకుంటుంది. అంటే ఇరవై ట్రాకులున్న అయిదు నిమిషాల పాట మొత్తం కలిపినా ఒక గిగాబైటు లోపే. ఒక కీర్తనకు గొంతు, వయొలిన్, మృదంగం, తంబుర, మహా అయితే మృదంగానికి రెండో మైక్ చాలు కనుక, ఆ వేగంతో రాయడం ఎంత పాత డిస్కుకైనా కష్టమేమీ కాదు. చప్పుడు లేకుండా ఉండడానికీ, ప్రాజెక్టులు త్వరగా తెరుచుకోవడానికీ ఎస్ఎస్‌డీ కావాలి తప్ప ధ్వని నాణ్యతకూ దానికీ సంబంధం లేదు.

కంప్యూటర్ సత్తా బయటపడేది లేటెన్సీ దగ్గర. పాడేవారి గొంతు మైక్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కడినుంచి కంప్యూటర్‌లోకి వెళ్లి, తిరిగి హెడ్‌ఫోన్లలోకి రావడానికి కొంత ఆలస్యం అవుతుంది. కంప్యూటర్ శాంపిళ్లను, అంటే ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచిన విలువలను, ఒక్కొక్కటిగా కాక ఒక కట్టగా తీసుకుంటుంది, ఆ కట్ట పరిమాణమే బఫర్. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 శాంపిళ్లంటే 10.7 మిల్లీసెకన్లు, రానూ పోనూ రెండు వైపులా కలిపి, డ్రైవర్ తన వంతుగా చేర్చే ఆలస్యాన్ని కూడా కలుపుకుంటే ఇది రెట్టింపు దాటుతుంది. గాలిలో ధ్వని మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది కాబట్టి, పది మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరం. పక్కవాద్యం అంత దూరంలో ఉంటే ఎవరూ పట్టించుకోరు. తన గొంతే తనకు అంత ఆలస్యంగా చెవుల్లో పడితే మాత్రం వేగంగా సంగతులు పలికేవారు తడబడిపోతారు.

ఈ యంత్రంలో రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌తో, ఆలస్యాన్ని తగ్గించడానికి ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏషియో డ్రైవర్‌తో 128 శాంపిళ్ల దగ్గర గొంతు రికార్డు చేస్తూ, ధ్వనిని దిద్దే ఈక్యూ, కంప్రెసర్, కొద్దిగా రివర్బ్ (గది ప్రతిధ్వని వంటిది) వేసుకుని వింటే ఎక్కడా చిటపటలు రాలేదు. 64కు దించి, గిటారు యాంప్లిఫయర్‌ను అనుకరించే బరువైన ప్లగిన్లు (అదనపు సాఫ్ట్‌వేర్ భాగాలు) రెండు మూడు చేర్చినప్పుడు మాత్రం ధ్వని తెగడం మొదలైంది. ట్రాకులను కలిపి సరిచేసే మిక్సింగ్ సమయంలో బఫర్‌ను 1024కు పెంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అప్పుడు ఎవరూ పాడడం లేదు. పైగా స్కార్లెట్ సోలో వంటి సాధారణ ఇంటర్‌ఫేసులోనూ డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పాడేవారి గొంతు కంప్యూటర్‌తో నిమిత్తం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు చేరుతుంది. రివర్బ్ వినపడదన్న లోటు తప్పితే గాయకులకు అంతకన్నా కావలసిందేమీ లేదు. రీపర్‌ను 60 రోజులు పూర్తిస్థాయిలో వాడి చూసుకోవచ్చు, వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు.

ర్యామ్ విషయంలో నాకు అమ్మిన దుకాణదారు 8 జీబీ ఒకే స్టిక్‌గా ఇచ్చారు. లోపల రెండు స్లాట్లున్నాయి కనుక మరో 8 జీబీ చేర్చి 16 చేసుకున్నాను. మూత తెరవడానికి వెనుక ఒక స్క్రూ విప్పితే చాలు. రికార్డింగు మాత్రమే చేసేవారు 8తో నెట్టుకురావచ్చు, కాని బ్రౌజర్ తెరిచి ఉంచే అలవాటున్నవారికి అది ఇరుకే. ముందే రికార్డు చేసిన వాద్యాల ధ్వనులుండే శాంపిల్ లైబ్రరీల సంగతి వేరు. స్పిట్‌ఫైర్ సంస్థ ఉచితంగా ఇచ్చే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ 200 మెగాబైట్ల లోపు చోటుతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ హాయిగా నడుస్తుంది. అదే కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిచే పెద్ద తీగవాద్యాల లైబ్రరీలను నాలుగైదు ఒకేసారి తెరిస్తే ర్యామ్ నిండిపోతుంది, ఆరు కోర్లూ తలలు వంచేస్తాయి. సినిమా తరహా నేపథ్య సంగీతం కూర్చాలన్న ఉద్దేశం ఉన్నవారు ఈ వాక్యం దగ్గరే ఆగి వేరే యంత్రం చూసుకోవడం మేలు.

నాకు ఎక్కువ ఆలోచన తెప్పించినది ఫ్యాను. ఇంత చిన్న పెట్టెలో వేడిని బయటికి నెట్టడానికి చిన్న ఫ్యాను వేగంగా తిరగక తప్పదు. మామూలు వేళ అది వినబడదు గానీ, ప్లగిన్ల బరువు పెరిగితే సన్నని ఈల వంటి శబ్దం వస్తుంది, దాన్ని సున్నితమైన కండెన్సర్ మైక్ నిర్దాక్షిణ్యంగా పట్టేస్తుంది. చాలామంది యూఎస్‌బీ కేబుల్ పొడవు పెంచి కంప్యూటర్‌ను దూరంగా జరపాలని చూస్తారు; యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు అయిదు మీటర్లే హద్దు, అంత పొడవులో నాసిరకం కేబుళ్లు మొరాయిస్తాయి. దానికన్నా మైక్ కేబుల్‌ను పొడిగించడం తెలివైన పని. మైక్‌కు వాడే ఎక్స్ఎల్ఆర్ కేబుల్ బయటి రొదను రద్దుచేసే బ్యాలెన్స్‌డ్ రకం కనుక పది పదిహేను మీటర్లు లాగినా నాణ్యత చెడదు. కంప్యూటర్, ఇంటర్‌ఫేస్ రెండింటినీ హాల్లో ఉంచి, మైక్‌ను పడకగదిలో బట్టల బీరువా ఎదురుగా పెట్టుకుంటే చప్పుడు బెడదా తీరుతుంది, గది ప్రతిధ్వనీ తగ్గుతుంది. నిజానికి మే నెలలో విజయవాడలో పాట రికార్డు చేసేవారికి కంప్యూటర్ ఫ్యాను కన్నా తలపైన తిరిగే సీలింగ్ ఫ్యానే పెద్ద శత్రువు. పాడినంతసేపూ దాన్ని ఆపి చెమటలు కక్కడం తప్ప దానికి నాకు మరో మందు దొరకలేదు.

విండోస్‌ను కాస్త దారికి తెచ్చుకోవాలి. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చడం, యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయడం, రికార్డింగు వేళ వైఫై, బ్లూటూత్ కట్టేయడం వంటి చిన్న పనులతోనే చాలా చిటపటలు పోతాయి. అప్పటికీ పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనాన్ని కొంతసేపు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో అది చూపిస్తుంది. చాలాసార్లు దోషి నెట్‌వర్క్ డ్రైవరే అవుతుంది. కార్యాలయాల నుంచి వచ్చిన ఈ యంత్రాల్లో కొన్నింటికి అసలు వైఫై కార్డే ఉండదు, దుకాణదారు అదొక లోపమన్నట్టు చెబుతారు గానీ మన పనికి అది వరమే.

దీనికి పోటీగా నిలబడేది యాపిల్ మాక్ మినీ. 2024లో వచ్చిన ఎం4 రకం 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీతో మన దేశంలో 59,900 రూపాయలకు విడుదలైంది, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పది వేలు తగ్గింపు ఇచ్చారు. ప్రాసెసర్ శక్తిలో నా యంత్రం దాని దరిదాపుల్లో కూడా ఉండదు. చప్పుడు లేకపోవడం, ఏషియో తలనొప్పి లేని కోర్ ఆడియో అనే సొంత ధ్వని వ్యవస్థ, ఉచితంగా వచ్చే గరాజ్‌బ్యాండ్ రికార్డింగు సాఫ్ట్‌వేర్ దాని బలాలు. కాని ర్యామ్ తర్వాత పెంచుకోలేము, 512 జీబీ కావాలంటే విడుదల నాటి ధరల్లో కొన్న రోజునే మరో ఇరవై వేలు చెల్లించవలసి వచ్చేది, పాత తరహా యూఎస్‌బీ పోర్టు ఒక్కటీ లేదు కనుక పాత కీబోర్డులకు అడాప్టర్ తప్పదు. కంప్యూటర్‌లోని వాద్యాలతోనే సంగీతం కూర్చేవారైతే నేను సందేహం లేకుండా దానికే ఓటు వేస్తాను. పాడేవారు మాత్రం ఆ నలభై వేల తేడాతో మంచి మైక్, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు కొనుక్కోవచ్చు.

అదే ధరలో ల్యాప్‌టాప్ తీసుకుంటే నయం కదా అన్న ప్రశ్నకు నా సమాధానం ఒక సందర్భంలో మాత్రమే అవును. గుడిలో భజన, ఊళ్లో బుర్రకథ, కచేరీ వంటివాటిని వెళ్లి రికార్డు చేయవలసివస్తే ల్యాప్‌టాప్ తప్పనిసరి. పైగా ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే ఎర్తింగు సరిగా లేని చోట వచ్చే హమ్ (గుయ్‌మనే శబ్దం) చాలావరకు మాయమవుతుంది. ఇంట్లోనే ఉండే పనికి మాత్రం ఇరవై వేలలోపు దొరికే ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా రెండు లేదా నాలుగు కోర్లే ఉంటాయి, కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ఇంటర్‌ఫేస్‌నూ హెడ్‌ఫోన్లనూ వెంట తీసుకెళ్లండి. ముందూ వెనుకా ఉన్న యూఎస్‌బీ పోర్టులన్నింట్లో ఒక్కొక్కదానిలో ఇంటర్‌ఫేస్‌ను పెట్టి చూడండి, ఎందుకంటే కార్యాలయాల్లో ఏళ్ల తరబడి పెన్‌డ్రైవులు గుచ్చిన ముందు పోర్టులు తరచూ వదులుగా ఉంటాయి. అడాప్టర్ ఆ యంత్రానికి తగిన 65 వాట్లదో కాదో దాని మీద చదవండి. నకిలీ అడాప్టర్ హమ్‌కు మూలమవుతుంది, ఆ సంగతి ఇంటికి వెళ్లి మైక్ పెట్టేదాకా తెలియదు. ఎస్ఎస్‌డీ ఎంత వాడబడిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనంతో అక్కడే చూపించమని అడగండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ గడువు రాయించుకోండి. కరెంటు కోతలున్న ఊరైతే చిన్న 600 వీఏ యూపీఎస్‌ను కూడా ఈ బడ్జెట్‌లోనే చేర్చుకోవాలి. ఇంత తక్కువ విద్యుత్తు తీసుకునే యంత్రానికి అది పాట పూర్తిచేసి సేవ్ చేసుకునేంత సమయం ఇస్తుంది.