మిల్లు షాఫ్టులకు ఎర్ర రంగు క్రాక్ టెస్ట్ కిట్: వాడి చూసి రాస్తున్నాను

మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనులు చేసే లేత్ వర్క్‌షాప్ మాది. షాఫ్టులు, పుల్లీలు, ఫ్యాన్ హబ్బులు, జల్లెడను ఊపే ఎక్సెంట్రిక్‌లు ఎక్కువగా వస్తుంటాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్న డై పెనెట్రెంట్ కిట్ కొన్ని సీజన్లుగా మా దగ్గర వాడకంలో ఉంది. షాఫ్ట్ పనులు చేసే ప్రతి లేత్ షాపులోనూ ఇది ఉండి తీరాలని నా అభిప్రాయం. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో రెండూ రాస్తాను.

కిట్ అంటే మూడు స్ప్రే డబ్బాలు: క్లీనర్, ఎర్ర రంగు పెనెట్రెంట్, తెల్లటి డెవలపర్. శుభ్రం చేసిన లోహం మీద ఎర్ర రంగు కొట్టి కాసేపు వదిలేస్తే, పైకి తెరుచుకుని ఉన్న పగుళ్లలోకి అది దానంతట అదే దిగుతుంది. పైన ఉన్న రంగు తుడిచేసి తెల్లది పలుచగా కొడితే, లోపల దాగిన రంగును ఆ పొడి బయటికి పీల్చుకుంటుంది. మామూలుగా చూస్తే ఏమీ కనపడని చోట తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. కరెంటు అక్కర్లేదు, మెషిన్ అక్కర్లేదు. మిల్లు దగ్గరికి సంచిలో వేసుకుని వెళ్లొచ్చు.

షాఫ్ట్ విరిగిందంటే మిల్లుల్లో వినపడే మాటలు రెండే. "లోడ్ ఎక్కువైంది", లేదా "మెటీరియల్ నాసిరకం". విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడమని నేను అందరికీ చెబుతాను. చాలా వాటిలో ఒక పక్క నున్నగా ఉంటుంది, అందులో వంపు తిరిగిన సన్నని గీతలు ఒకదాని వెనుక ఒకటి కనపడతాయి. మిగతా భాగం గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. నున్నటి భాగం పగులు మెల్లగా నడిచి వచ్చిన దారి. గరుకు భాగం చివరి క్షణంలో పుటుక్కున తెగింది. ఆ గరుకు భాగం చిన్నగా ఉందంటే, మిగిలిన ఆ కాస్త లోహమే చివరిదాకా లోడ్ మోసిందన్న మాట. అలాంటి షాఫ్ట్‌ను చూసి లోడ్ ఎక్కువైందని ఎలా అంటాం? చాలా కాలంగా లోపల పెరుగుతున్న పగులును ఎవరూ చూడలేదు, అంతే.

మొదలయ్యేది ఎక్కువగా ఏదో ఒక మూల నుంచే. సాగర్ కాలువలో నీళ్లు తూము దగ్గర ఇరుకైన చోట ఒత్తుకుని ఉరికినట్టు, లోహం మీద పడే బలం కూడా మందం మారే చోట, మూల తిరిగే చోట ఒత్తుకుంటుంది. వెడల్పాటి ప్లేటుకు గుండ్రటి చిల్లు పెట్టి లాగితే, చిల్లు అంచున ఒత్తిడి మామూలు కంటే మూడింతలు ఉంటుంది. మూల పదునైతే ఇంకా ఎక్కువ. ఇది కొత్త సంగతేమీ కాదు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజిన్ ఇరుసు విరిగి, మంటలు అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే రాంకిన్ అనే బ్రిటిష్ ఇంజినీరు విరిగిన రైలు ఇరుసులను పరిశీలించి, పగులు మెడ దగ్గరి మూలలో పుట్టి కొంచెం కొంచెంగా లోపలికి పోతోందని, అక్కడ పదును మూల బదులు వంపు ఇవ్వాలని రాశాడు. ఇది జరిగి నూట ఎనభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ బేరింగ్ సీటు దగ్గర మందం మారే స్టెప్పుకు రేడియస్, అంటే ఆ వంపు, లేకుండా, టూల్ కొసతో గీసినట్టు నిలువుగా కోసి ఇచ్చే షాఫ్టులు మా షాపుకు వస్తూనే ఉన్నాయి. చూస్తే బాధేస్తుంది. రేడియస్ ఇవ్వడానికి పట్టేది కొన్ని నిమిషాలే కదా.

మిల్లు షాఫ్టులకు ఈ బాధ ఎందుకు ఎక్కువంటే, తిరుగుడు లెక్క చూడండి. బెల్టు లాగుడుకు వంగి ఉన్న షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకూ దాని పైపొర ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. నిమిషానికి 300 చుట్లు తిరిగే షాఫ్ట్ రోజుకు 20 గంటలు నడిస్తే 3,60,000 సార్లు. మూడు రోజులకు పది లక్షలు దాటుతుంది. అన్నిసార్లు సాగి నొక్కుకుంటే, లోహం ఒక్కసారిగా మోయగల బరువులో సగానికే పగులు పుట్టవచ్చు. పుట్టిన పగులు ఒకే వేగంతో కూడా పెరగదు. 1960ల మొదట్లో అమెరికాలో పాల్ పారిస్ అనే ఇంజినీరు చూపించిన సూత్రం ప్రకారం స్టీలుకు సుమారుగా లెక్క వేస్తే, లోడ్ మారకుండానే పగులు పొడవు నాలుగింతలైతే దాని కొస దగ్గర ఒత్తిడి తీవ్రత రెండింతలవుతుంది, చుట్టుకు అది ముందుకు జరిగే దూరం ఎనిమిదింతలవుతుంది. అందుకే కంటికి కనపడే సైజుకు వచ్చేసరికి మిగిలే టైమ్ చాలా తక్కువ. ఈ కిట్ విలువ నాకు అక్కడే కనపడింది. పగులు చిన్నగా ఉండి, మెల్లగా నడుస్తున్నప్పుడే పట్టిస్తుంది.

పోయిన యాసంగి ముందు ఒక మిల్లు నుంచి జల్లెడ ఎక్సెంట్రిక్ షాఫ్ట్ వచ్చింది. వాళ్ల ఫిట్టర్ "బేరింగ్ మార్చి ఇచ్చెయ్ అన్నా, రేపు నడపాలె" అన్నాడు. కడిగి రంగు కొట్టి చూస్తే, కీవే (కీ కూర్చునే గాడి) చివరి మూల నుంచి ఏటవాలుగా ఎర్ర గీత తేలింది. మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి "అన్నా, ఇది టూల్ గీతేమో?" అన్నాడు. టూల్ గీతలు చుట్టూ గుండ్రంగా ఉంటాయి, ఇది వాలుగా పోతోంది. మెలితిప్పే బలానికి వచ్చే పగులు నడక అలాగే ఉంటుంది. తుడిచి మళ్లీ మొదటి నుంచి చేశాం. అక్కడే, అదే వాలులో వచ్చింది.

ఓనర్ వచ్చి చూసి "వెల్డింగ్ కొట్టి తిప్పితే సరిపోదా?" అని అడిగాడు. షాఫ్టులకు వాడే ఈఎన్-8 లాంటి మధ్యస్థ కార్బన్ స్టీలును ముందు వేడి చేయకుండా వెల్డ్ చేస్తే, వెల్డ్ పక్కనున్న లోహం గట్టిపడి పెళుసవుతుంది. తడిసిన రాడ్ వాడితే అందులోంచి హైడ్రోజన్ చేరి, వెల్డ్ అయిపోయిన ఒకటి రెండు రోజులకు కూడా కొత్త పగులు రావచ్చు. "సార్, పాత పగులు మూసి పక్కన కొత్తది పెట్టినట్టవుతుంది" అని చెప్పి కొత్త షాఫ్ట్ చేయించాను. స్టెప్పుల దగ్గర రేడియస్ ఇచ్చాం, కీవేను స్టెప్పుకు దూరంగా ఆపాం. ఆయన మొహంలో టెన్షన్ తగ్గింది ఆ ఎర్ర గీతను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే. మాట కంటే గీత బాగా ఒప్పిస్తుంది.

ఇక వాడకం. డబ్బా మీద రాసిన పద్ధతి సరిగానే ఉంది కానీ మన షాపుల అలవాట్లు దానికి అడ్డం. టెస్ట్‌కు ముందు గ్రైండర్‌తో గానీ వైరు బ్రష్ మోటారుతో గానీ మెరిపించకూడదు. పైలోహం జరిగి పగులు నోరు మూసుకుపోతుంది, రంగు దిగదు. గ్రీజు, తవుడు జిడ్డు మాత్రం పూర్తిగా పోవాలి. రంగును తుడిచేటప్పుడు క్లీనర్‌ను నేరుగా షాఫ్ట్ మీద కొట్టొద్దు, పగుళ్లలో ఉన్నది కూడా కొట్టుకుపోతుంది. బనియన్ గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవాలి. రంగుకు పది నిమిషాలు, తెల్లదానికి ఇంకో పది నిమిషాలైనా ఇవ్వాలి. తెల్లది కొట్టగానే పక్కకు పోకుండా చూస్తూ ఉండండి. గీత మొదట సన్నగా వచ్చి తర్వాత అలుక్కుంటుంది, ఎక్కడ మొదలైందో ముందే చూసుకోవాలి. సున్నం వేసినట్టు మందంగా కొడితే చిన్న పగులు కింద ఉండిపోతుంది.

మన ఎండాకాలానికి ఇంకో మాట. ఈ రకం టెస్టుకు సాధారణంగా లోహం వేడి 52 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో ఆరుబయట పడేసిన షాఫ్ట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద రంగు ఆరిపోతుంది, గీత రాదు, షాఫ్ట్ బాగుందనుకుంటాం. నీడలో చల్లారనివ్వండి.

లోపాలు కూడా ఉన్నాయి. పగులు ఎంత లోతు పోయిందో ఇది చెప్పదు. లోహం లోపలే ఉండి పైకి తెరుచుకోని లోపాన్ని పట్టదు, దానికి శబ్ద తరంగాలతో చేసే అల్ట్రాసోనిక్ టెస్ట్ చేయించాలి. పోత ఇనుము పుల్లీల మీద వాడితే సన్నని రంధ్రాలన్నీ ఎర్ర చుక్కలై పగులేదో, రంధ్రమేదో తేల్చుకోవడం కష్టం. ఇనుము వస్తువులకైతే అయస్కాంతం, ఇనుప పొడితో చేసే టెస్ట్ ఇంకా త్వరగా అవుతుంది, కానీ దానికి పరికరం ఖరీదు. అయస్కాంతం అంటని రకం స్టెయిన్‌లెస్‌, అల్యూమినియం, ఇత్తడి మీద ఆ టెస్ట్ పనిచేయదు, ఈ రంగు పనిచేస్తుంది. పాతకాలం రైల్వే షాపుల్లో నూనెలో నానబెట్టి, తుడిచి, సుద్ద పూసి చూసేవారు. కిరోసిన్, సుద్దతో మన దగ్గరా ట్యాంకు వెల్డింగులు చూస్తారు. లీకుకు అది చాలు, షాఫ్ట్ మీద సన్న పగులుకు మాత్రం ఎర్ర రంగుకు సాటి రాదు.

స్ప్రేలు మంట అంటుకునేవి. వెల్డింగ్ జరిగే మూలన అస్సలు వాడకండి, గాలి ఆడే చోట, చేతికి గ్లౌజులు వేసుకుని వాడండి. నేను కొన్న ఒక సెట్‌లో డెవలపర్ నాజిల్ సగంలోనే మూసుకుపోయింది. అప్పటి నుంచి పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చేదాకా ఒకసారి నొక్కుతున్నాం, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కొట్టే ముందు లోపలి గోళీ గలగలమనేదాకా బాగా ఊపాలి.

సెట్ నాకు రెండు వేల లోపే పడింది. మా దగ్గర క్లీనర్, డెవలపర్ ముందు అయిపోతాయి, ఎర్ర రంగు మిగిలిపోతుంది. కాబట్టి ఆ రెండూ ఒక్కోటి అదనంగా తీసుకోండి, మూడూ ఒకే కంపెనీవి తీసుకోండి, షాపులోనే డబ్బాల మీద గడువు తేదీ చూసుకోండి.